రోజర్ మూర్ చివరి బాండ్, మా పెదనాన్న రిటైర్మెంట్

మా పెదనాన్నా, జేమ్స్ బాండ్‌గా వేసిన రోజర్ మూరూ ఒకే యేడు పుట్టారు. 1927లో. మూర్ లండన్‌లో, పెదనాన్న భీమిలి దగ్గర పల్లెలో. మూర్ పుట్టిన తేదీ అక్టోబరు 14 అని లోకానికంతా తెలుసు. పెదనాన్న తేదీ మాత్రం బడిలో చేర్చుకున్న మాస్టారు తోచినట్టు రాసింది. ఆ కాగితం ప్రకారమే 58 నిండిన నెలాఖరున నేవల్ డాక్‌యార్డు ఆయనకి దండ వేసి, శాలువా కప్పి, గోడ గడియారం చేతికిచ్చి ఇంటికి పంపింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే మూర్ చివరి బాండ్ సినిమా 'ఎ వ్యూ టు ఎ కిల్' విశాఖకి వచ్చింది. ఇద్దరం కలిసి వెళ్ళాం.

బాండ్ సినిమాలన్నిటినీ వరసపెట్టి బాగున్నవీ బాగోలేనివీ ఎంచేవాళ్ళు దీన్ని దాదాపుగా అట్టడుగున పెడతారు. నేనూ పైన పెట్టను. కానీ వాళ్ళు చెప్పే కారణం ఒకటి, నా కారణం ఇంకొకటి. ‘ముసలాడైపోయాడు’ అని అందరూ అంటారు. ముసలితనం తప్పు కాదు. ఆ మనిషికి వయసు వచ్చిందని సినిమా తీసినవాళ్ళు ఒప్పుకోలేదు, అదీ నా బాధ. పన్నెండేళ్ళలో ఏడు సినిమాలు మోసినవాడిని ఒక్క మంచి మాట చెప్పకుండా పంపేశారు. పక్క సీట్లో కొత్తగా రిటైరైన మనిషిని పెట్టుకుని చూసినందుకు అది నాకు మరీ గట్టిగా తగిలింది.

మా ఇల్లు మహారాణిపేటలో ఉండేది. కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి, దాటి అలా నడిస్తే జగదాంబ సెంటర్. ఇప్పటి పిల్లలకి జగదాంబ అంటే బట్టల షాపులూ, ట్రాఫిక్కూ. మాకు అది సినిమా హాళ్ళ అడ్డా. ఇంగ్లీషు సినిమా అంటే లీలామహల్. బయట గాజు పెట్టెలో ఫోటోలు అంటించేవారు. సినిమా చూసినా చూడకపోయినా ఆ ఫోటోలు చూడడం కోసమే స్కూలు నుంచి దారి మార్చుకుని వచ్చేవాళ్ళం. ఏ ఫోటో తర్వాత ఏది వస్తుందో ఊహించుకుని, చూడని సినిమా కథ మొత్తం మేమే అల్లేసేవాళ్ళం.

అప్పట్లో ఇంగ్లీషు సినిమా లండన్‌లో ఆడిన రోజున ఇక్కడ ఆడేది కాదు. పెద్ద ఊళ్ళన్నీ తిరిగి, రీళ్ళు గీతలు పడి, తీరిగ్గా మా దగ్గరికి వచ్చేది. ఈలోగా పేపర్లో వచ్చిన ముక్కా, మద్రాసులో చదువుకునే ఎవరి అన్నయ్యో సెలవులకి వచ్చి చెప్పిన కబురూ, ఇవే మాకు ఆధారం. ఆ ఎదురుచూపు కూడా సినిమాలో భాగమే అని ఇప్పటికీ అనుకుంటాను.

గూఢచారి కథలంటే పిచ్చి మా ఇంట్లో పెదనాన్నతోనే మొదలైంది. 1966లో కృష్ణ 'గూఢచారి 116' వచ్చినప్పుడు ఆయన మళ్ళీ మళ్ళీ చూశాడట. జయలలిత పక్కన, ఏజెంట్ 116గా కృష్ణ. కోటు వేసుకుని, తుపాకీ పట్టుకుని, తెలుగులో మాట్లాడే బాండ్! ఆంధ్రా జేమ్స్‌బాండ్ అన్న పేరు కృష్ణకి అక్కడినుంచే వచ్చింది. 1971లో 'జేమ్స్ బాండ్ 777' కూడా చేశాడు. ఇక నా తరానికి మధుబాబు షాడో. అద్దె పుస్తకాల షాపులో షాడో కొత్త నవల కోసం పేరు రాయించుకుని వంతు కోసం చూసేవాళ్ళం. పెదనాన్నకి ఇంగ్లీషు నడిచేది. డాక్‌యార్డులో పని నేర్పిన ఆఫీసర్లతో, డ్రాయింగులతో వచ్చిన ఇంగ్లీషు అది. పాత్రలు ఏమంటున్నాయో నా చెవిలో మెల్లగా చెప్పేవాడు. రోజర్ మూర్ నా మటుకు తెలుగులోనే మాట్లాడాడు, అదీ పెదనాన్న గొంతుతో.

ఆయన డాక్‌యార్డులో ఫిట్టరు. నిజం చెప్పాలంటే అక్కడ ఏం చేసేవాడో మాకు ఎవరికీ సరిగ్గా తెలీదు. గేటు దాటి బయటికి వచ్చాక పని మాట ఎత్తేవాడు కాదు. పెద్దమ్మ అడిగినా ‘ఏదో పంపు రిపేరు’ అనేవాడు. ఎప్పుడడిగినా అదే పంపు. విశాఖలో అలాంటి ఇళ్ళు వందలు ఉంటాయి. జలాంతర్గాములు కళ్ళముందే ఛానల్లోకి వచ్చి వెళ్ళే ఊరు. డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డంగా నిలబడి లోపలిది లోపలే ఉంచుతుంది. రహస్యం అంటే మా వీధిలో అదేదో వింత సంగతి కాదు. సాయంత్రం సైకిలు స్టాండు వేసి, కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగే మనిషి దగ్గర ఉండేది.

'ఆక్టోపస్సీ' మాకు పండగలా గడిచింది. 1983 నాటి సినిమా. ఉదయపూర్‌లో తీశారు, ఆటోలో ఛేజింగ్ ఉంది, టెన్నిస్ ఆడే మన విజయ్ అమృతరాజ్ బాండ్ పక్కన నిలబడి నవ్వాడు. అందులోని ఇండియా మన ఇండియాలా లేదన్నది నిజమే, అయినా హాల్లో ఆ ఆటోకి పడ్డ ఈలలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. అది చూసినవాళ్ళం కాబట్టే తర్వాతి దాని మీద అంత ఆశ పెట్టుకున్నాం.

కొత్త సినిమా పోస్టరులో మూరూ, విలన్ అనుచరురాలిగా వేసిన గ్రేస్ జోన్సూ వీపూ వీపూ ఆనించి నిలబడి ఉన్నారు. ఆమె చూపు ఎంత పదునుగా ఉందంటే, పోస్టరు ముందు నిలబడ్డవాళ్ళు రెండడుగులు వెనక్కి వేసేవారు. పెదనాన్న మాత్రం మూర్ మొహాన్నే చూశాడు. దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, ‘బొమ్మేసినోడు బాగా కుర్రాణ్ణి చేసేశాడురా’ అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు.

మార్నింగ్ షోకి వెళ్ళాం. రిటైరయ్యాక ఆయనకి పొద్దున్న పూట ఏం చెయ్యాలో తోచేది కాదు. ఇన్నేళ్ళూ సైరను కూత విని బయల్దేరిన మనిషి. సినిమాకి కూడా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, జేబులో చెయ్యి పెట్టి గేట్ పాసు కోసం వెతుక్కుని, అది లేదని గుర్తొచ్చి చెయ్యి తీసేశాడు. నేను చూడనట్టే ఊరుకున్నాను.

సినిమా మంచులో మొదలవుతుంది. సైబీరియా. చనిపోయిన 003 అనే ఏజెంటు దగ్గర నుంచి బాండ్ ఒక మైక్రోచిప్ తీసుకుంటాడు. రష్యన్ సైనికులు వెంటపడతారు. స్కీ విరిగితే, విరిగిన మంచు బండి ముక్క మీద నిలబడి జారుతూ తప్పించుకుంటాడు. అంతదాకా బ్రహ్మాండం. అక్కడే ఉన్నట్టుండి హుషారైన అమెరికా బీచ్ పాట ఒకటి పెట్టారు. ప్రాణం మీదికి వచ్చిన మనిషి వెనకాల ఆ పాట! హాల్లో నవ్వులు పడ్డాయి. పెదనాన్న నవ్వలేదు. తర్వాత మంచుగడ్డలా కనిపించే జలాంతర్గామి మూత తెరుచుకుంటుంది, బాండ్ లోపలికి దూకుతాడు. విశాఖ హాలు కదా, సబ్‌మెరైన్ కనబడగానే గోల. పెదనాన్న ముందుకి వంగి ఆ మూతనే చూస్తున్నాడు. ‘ఆ రబ్బరు సీలు చూశావేటి? నీళ్ళు ఆగవురా దాన్తో’ అన్నాడు. డాక్‌యార్డు పని గురించి ఆయన నాతో అన్న మొదటి మాట అదే అనుకుంటాను.

తర్వాత డ్యురాన్ డ్యురాన్ అనే బ్యాండు పాట. ఇప్పటిదాకా అమెరికా బిల్‌బోర్డు పట్టికలో మొదటి స్థానానికి చేరిన బాండ్ పాట అదొక్కటే. జాన్ బ్యారీ బాణీ మీద ఆ కుర్రాళ్ళ ఊపు. సినిమా ఎంత నిరాశపరిచినా ఆ పాటలో వంక పెట్టడానికి ఏమీ లేదు. బ్యారీ నేపథ్య సంగీతం కూడా అంతే, సినిమాకి అక్కర్లేనంత బాగుంది.

ఈఫిల్ టవర్ దగ్గర నుంచి నా మనసు జారడం మొదలైంది. బాండుతో భోజనం చేస్తున్న డిటెక్టివ్‌ని గ్రేస్ జోన్స్ చంపేసి మెట్లెక్కి పారిపోతుంది. బాండ్ వెనకాల పరిగెడతాడు. దూరంగా ఉన్నప్పుడు కుర్రాడిలా చకచకా ఎక్కేస్తాడు. దగ్గరికి చూపించగానే మూర్ మొహం, ఆయాసం లేదు, చెమట లేదు, జుట్టు చెదరలేదు. మళ్ళీ దూరం, మళ్ళీ కుర్రాడు. పదిహేనేళ్ళ పిల్లాడికి కూడా ఎక్కడ డూపు మొదలై ఎక్కడ ఆగుతున్నాడో తెలిసిపోయింది. పెదనాన్న మెల్లగా అన్నాడు, ‘పాపం, నా యీడు మనిషిరా. అన్ని మెట్లెక్కితే మోకాళ్ళు చెప్పవేటి? ఒక్కసారి రెయిలింగు పట్టుకుని ఆగనిస్తే ఏం పోయింది?’

ఆ మాట నన్ను వదల్లేదు. ఒక్కసారి ఆగనిస్తే ఏం పోయింది? ఆగి, ఊపిరి తీసుకుని, పైకి చూసి, మళ్ళీ కదిలితే ఆ మనిషి ఇంకా గొప్పగా కనిపించేవాడు. పైనుంచి ఆమె పారాషూట్‌తో దూకే దృశ్యం మాత్రం నిజంగా చేసిందే. బి.జె. వర్త్ అనే స్టంట్ మనిషి టవర్ మీద నుంచి దూకాడు. తర్వాత బాండ్ రెనో టాక్సీ లాక్కుని తోలితే పైకప్పు పోతుంది, ఆపైన వెనక సగం కూడా పోతుంది, మిగిలిన సగంతోనే నడుపుతాడు. నవ్వుకున్నాం. కానీ నవ్వు నవ్వే. మనిషికి ఏమవుతుందోనన్న టెన్షన్ లేదు.

సినిమాలో నాకు ఇప్పటికీ ఇష్టమైన భాగం ఫ్రాన్స్‌లో విలన్ ఉండే షాంటిలీ కోటలోది. గుర్రాలు కొనే ధనవంతుడిలా బాండ్, అతని నౌకరులా సర్ గాడ్‌ఫ్రే టిబెట్. టిబెట్‌గా వేసినవాడు పాట్రిక్ మాక్‌నీ, 1922లో పుట్టినవాడు, మూర్ కంటే అయిదేళ్ళు పెద్ద. పెట్టెలన్నీ టిబెట్ చేత మోయిస్తూ, మాటమాటకీ కసురుతూ బాండ్ ఆ వేషాన్ని మహా సంతోషంగా అనుభవిస్తాడు. గదిలో ఎవరో చాటుగా వింటున్నారని తెలిసి, తిట్లు రికార్డు చేసిన టేపు ఒకటి పెట్టి, ఇద్దరూ పక్కకి వెళ్ళి అసలు పని మాట్లాడుకుంటారు. చేయి తిరిగిన ఇద్దరు పెద్దమనుషులు ఒకరి మీద ఒకరు పెట్టుకున్న నమ్మకం అక్కడ కనబడుతుంది. పెదనాన్న ఆ రోజు మనసారా నవ్వింది అక్కడే. ‘మా సెక్షన్లో నేనూ మా చార్జిమెనూ ఇలాగే’ అన్నాడు.

ఆ టిబెట్‌ని కారు కడిగే చోట గ్రేస్ జోన్స్ చంపేస్తుంది. వెనక సీట్లో ఉన్న శవాన్ని బాండ్ చూస్తాడు. ఒక్క క్షణం మూర్ మొహంలో నిజమైన వయసు కనబడింది. సినిమా అక్కడే ఉండిపోయి ఉంటే! లేదు. బాండుని కొట్టి, ఆ రోల్స్‌రాయిస్‌తో సహా చెరువులోకి తోసేస్తారు, అతను మునిగిన కారు టైరు గాలి పీల్చి బతుకుతాడు. ఆ కారు బాండ్ సినిమాల నిర్మాత బ్రాకలీ సొంత కారు అని తర్వాత చదివాను. ఒడ్డుకి చేరాక చనిపోయిన స్నేహితుడి గురించి కాసేపైనా తలవంచుకోనివ్వాలి కదా. వెంటనే శాన్‌ఫ్రాన్సిస్కో, కొత్త అమ్మాయి, కొత్త ఛేజింగ్.

విలన్ జోరిన్‌గా క్రిస్టఫర్ వాకెన్. జుట్టుకి పసుపు రంగు, పెదవి చివర నవ్వు. సిలికాన్ వ్యాలీని వరదలో ముంచేసి మైక్రోచిప్‌ల వ్యాపారం అంతా తనదే చేసుకోవాలని పథకం. చెరువుల అడుగున పేల్చి, భూకంపం తెప్పించి, లోయ నింపెయ్యడం. 1985లో సిలికాన్ వ్యాలీ అంటే మాకు తెలీదు. ఇప్పుడు మా వీధి నుంచి ఇంటికొకరు అక్కడ ఉన్నారు. ఆ లెక్కన ఆ కథకుడు చాలా ముందు చూపున్నవాడే.

గనిలో జరిగేది మాత్రం నేను ఎప్పటికీ క్షమించలేను. నీళ్ళు వదిలాక, తన దగ్గర పని చేసిన కార్మికుల్నే జోరిన్ తుపాకీతో కాల్చేస్తాడు. నవ్వుతూ, వరసపెట్టి, గుండ్లు అయిపోతే మళ్ళీ నింపుకుని. హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు నీళ్ళలో పడిపోతుంటారు. హాల్లో ఈలలన్నీ ఆగిపోయాయి. పెదనాన్న కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. ముప్పై యేళ్ళ పైన హెల్మెట్ పెట్టుకుని పనిచేసినవాడికి ఆ దృశ్యం ఎలా కనబడిందో నేను ఊహించగలను. ఆయన నాకు చెవిలో చెప్పడం మానేశాడు. చాలా యేళ్ళ తర్వాత తెలిసింది, రోజర్ మూర్‌కి కూడా ఆ కాల్పులు అస్సలు నచ్చలేదట, అది బాండ్ సినిమాలా లేదని ఆయనే చెప్పుకున్నాడు. లండన్‌లో ఒకాయనకీ, లీలామహల్లో ఒకాయనకీ ఒకేచోట మనసు విరిగింది. ఆ సంగతి చదివిన రోజు పెదనాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో.

చివరికి గోల్డెన్ గేట్ వంతెన మీద పోట్లాట. బాగా తీశారు, ఎత్తు చూస్తే కళ్ళు తిరుగుతాయి. జోరిన్ గొడ్డలితో వస్తాడు, పట్టు జారి పడిపోతాడు. ఆ తర్వాత రష్యా జనరల్ గోగోల్ వచ్చి బాండుకి ఆర్డర్ ఆఫ్ లెనిన్ ఇస్తానంటాడు. అప్పుడు హాల్లో పడ్డ చప్పట్లు వేరే ఏ ఊళ్ళోనైనా పడ్డాయో లేదో గానీ మా ఊళ్ళో పడడం న్యాయం. ఉక్కు ఫ్యాక్టరీకి సోవియట్ల సాయం, నేవీకి సోవియట్ల జలాంతర్గాములు. రష్యన్లు మాకు సినిమాలో శత్రువులు కారు, పూర్ణా మార్కెట్లో బేరాలాడుతూ కనబడే మనుషులు.

కానీ బాండ్ ఎక్కడ? పతకం తీసుకోవడానికి రాలేదు. బాండ్ ఆఫీసులో సెక్రటరీ మనీపెన్నీ ఏడుస్తూ ఉంటుంది, అతను చనిపోయాడేమోనని. బాండుకి పరికరాలు చేసిపెట్టే క్యూ తన యంత్రంతో వెతికితే అమ్మాయితో షవర్ కింద ఉంటాడు. తెర పడిపోయింది.

ఆ మనీపెన్నీ, లోయిస్ మాక్స్‌వెల్, ఆమెది కూడా 1927. మూరూ ఆమే లండన్‌లో ఒకే నటనా విద్యాలయంలో కలిసి చదువుకున్నారు. 1962లో మొదటి బాండ్ సినిమా నుంచి ఆ బల్ల వెనకాల కూర్చుని, వచ్చిన ప్రతి బాండునీ నవ్వుతూ పంపించిన మనిషి. మొత్తం 14 సినిమాలు. ఆమెకీ ఇదే చివరిది. ఇద్దరికీ ఇదే ఆఖరిసారి అయితే, ఆ గదిలో ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి ఒక్క నిమిషం మాట్లాడించాల్సింది. అతను టోపీ విసిరితే కొక్కేనికి తగులుకునేది కదా, ఆ టోపీ తీసుకుని అతని చేతికిస్తూ ఆమె ఏదో ఒకటి అనాల్సింది. ఎన్నేళ్ళ బాకీ అది! దాని బదులు ఆమెని ఏడిపించి వదిలేశారు.

బయటికి వచ్చేసరికి ఎండ మండిపోతోంది. కేజీహెచ్ డౌనులో దిగుతూ ఇద్దరం మాట్లాడుకోలేదు. ఒక టీ బడ్డీ దగ్గర ఆగాం. నాకేమో లోపల దిగులుగా ఉంది. రోజర్ మూర్‌ని తిట్టాలనీ లేదు, మెచ్చుకోవాలనీ లేదు. ‘పెదనాన్నా, నిజం గూఢచారులు ఇలా ఉంటారా?’ అని అడిగాను. ఆయన టీ గ్లాసు ఊదుకుంటూ చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత 1971 సంగతి చెప్పాడు.

అది ఇప్పుడు అందరికీ తెలిసిన చరిత్రే. పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ని ముంచడానికి బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ అప్పటికి అండమాన్ వైపు వెళ్ళిపోయింది. కానీ అది విశాఖలోనే ఉందని శత్రువు నమ్మాలి. తూర్పు నావికా దళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఏం చేశారంటే, విక్రాంత్‌లో ఉన్నంతమందికీ సరిపోయేటట్టు కాంట్రాక్టర్లకి మాంసం, కూరగాయలు ఆర్డరు పెట్టించారు. ఊళ్ళో ఆ మాట పాకుతుంది కదా. రాజ్‌పుత్ అనే పాత నౌకని సముద్రంలోకి పంపి, విక్రాంత్ మాట్లాడినట్టు రేడియోలో మాట్లాడించారు. విక్రాంత్ నావికుడొకడు జబ్బుపడిన తల్లి ఎలా ఉందో అడుగుతున్నట్టు ఒక మామూలు టెలిగ్రాం కూడా, దాపరికం లేకుండా, ఎవరైనా వినేలాగా పంపించారు. గాజీ విశాఖ ముందుకే వచ్చింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక అక్కడే మునిగిపోయింది. మన డెప్త్ ఛార్జీలకి, అంటే నీళ్ళ లోపల పేలే బాంబులకి, మునిగిందని మనవాళ్ళు, లోపలి పేలుడు వల్లనో మందుపాతర వల్లనో అని వాళ్ళు. బీచ్ రోడ్డులో తర్వాత కట్టిన స్థూపం ఆ యుద్ధానిదే.

‘ఆ రాత్రి కిటికీలు అదిరాయిరా,’ అన్నాడు పెదనాన్న. ‘దీపాల్లేవు, అద్దాలకి నల్లకాగితాలు. పిల్లలు ఏడ్చారు. ఏమైందో మాకు తెలీదు. కూరగాయలతో అంత పని జరిగిందని చాలా రోజులకి గానీ బయటపడలేదు. ఆ బేరం చేసినోడికే తెలీదు కాదేటి, తనేం చేస్తున్నాడో.’

కాసేపాగి మళ్ళీ అన్నాడు. ‘నిజంగా పని చేసినోడికి పేరుండదు, సరే. సినిమాలోవాడికి కూడా లేకపోతే ఎలగరా? పోతూపోతూ ఓ దండ వెయ్యొద్దూ?’

ఆయన తన శాలువా గురించి మాట్లాడుతున్నాడో, మూర్ గురించి మాట్లాడుతున్నాడో నేను అడగలేదు. డాక్‌యార్డు వీడ్కోలు సభలో ఆయన గురించి మాట్లాడినవాళ్ళు కూడా ఏం పని చేశాడో బయటికి చెప్పలేరు. ‘నిజాయితీపరుడు, సమయపాలన’ అన్నారు, అంతే. ఆయన దాంతోనే తృప్తిపడ్డాడు. కానీ ఆ రెండు మాటలైనా ఎవరో ఒకరు లేచి మైకులో చెప్పారు, పెద్దమ్మ ముందు వరసలో కూర్చుని విన్నది.

ఆ తర్వాత ఆ సినిమా టీవీలో వచ్చినప్పుడల్లా చూశాను. పెద్దయ్యే కొద్దీ నా అభిప్రాయం బలపడింది తప్ప మారలేదు. వయసుని దాచకుండా బాండ్ సినిమా తియ్యొచ్చని వాళ్ళకి తెలియక కాదు. 1983లోనే మొదటి బాండ్ షాన్ కానరీ వేరే నిర్మాతలతో 'నెవర్ సే నెవర్ ఎగైన్' చేశాడు. కానరీ మూర్ కంటే మూడేళ్ళు చిన్న. అయినా అందులో మొదట్లోనే పై అధికారి బాండుని ‘నీ ఒళ్ళు పాడైంది, వెళ్ళి బాగు చేసుకో’ అని ఆరోగ్యకేంద్రానికి పంపిస్తాడు. ఆ సినిమా గొప్పదేమీ కాదు, కానీ మనిషిని మనిషిగా చూసింది. మూర్‌కి ఆ అవకాశం ఇవ్వలేదు. తనకంటే ఇరవయ్యేళ్ళకి పైగా చిన్నదైన టాన్యా రాబర్ట్స్ పక్కన నిలబెట్టి, మెట్ల మీద, మంచు మీద, వంతెన మీద వేరేవాళ్ళ చేత దూకించి, ‘ఏం మారలేదు’ అన్నారు. మూర్‌కి మటుకు తెలుసు. ఆ పాత్రకి తను మరీ ముసలివాణ్ణయిపోయానని తర్వాత ఆయనే చాలాసార్లు నవ్వుతూ ఒప్పుకున్నాడు. ఆ నవ్వే సినిమాలో పెట్టి ఉంటే చాలు, నేను ఇదంతా రాయనక్కర్లేదు.

2021లో డేనియల్ క్రెయిగ్ చివరి బాండ్ సినిమా చూశాను. పదిహేనేళ్ళు చేసినవాడికి కథలోనే వీడ్కోలు కట్టారు, తోటి ఉద్యోగులు గ్లాసులెత్తి తలుచుకుంటారు. మల్టీప్లెక్సులో చుట్టూ ఉన్న కుర్రాళ్ళు క్రెయిగ్ కోసం కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకూ నీళ్ళొచ్చాయి. మూర్‌కి ఇందులో పావు వంతు ఇచ్చి ఉంటే బాగుండేది కదా అని. ఆయన అప్పటికి నాలుగేళ్ళ క్రితమే, 2017 మేలో పోయాడు. యూనిసెఫ్ తరఫున పిల్లల కోసం దేశదేశాలు తిరిగాడు, ఆ పని గురించి బాండ్ పని కంటే గర్వంగా చెప్పుకునేవాడు. పెదనాన్న ఆయన కంటే చాలా ముందే వెళ్ళిపోయాడు.

మూర్ తర్వాత వచ్చిన తిమతీ డాల్టన్ సినిమా 'ది లివింగ్ డేలైట్స్' కూడా మేమిద్దరం కలిసే చూశాం. మొదట్లోనే జిబ్రాల్టర్ కొండ మీద జీపు పైకెక్కి వేలాడతాడు డాల్టన్, మొహం దగ్గరగా కనబడుతుంది, డూపు కాదు. నేను సంబరపడిపోయి పెదనాన్న వైపు చూశాను. ఆయన కొత్తగా సెక్షన్లో చేరిన కుర్రాణ్ణి చూసే చూపు చూశాడు. ఇంటర్వెల్లో సమోసా తింటూ తన తీర్పు చెప్పాడు, ‘పనోడేరా. నేర్చుకుంటాడు. మనీపెన్నీ కూడా కొత్తమ్మాయే కదా? పాతాయన ఊసు ఎవరైనా ఎత్తుతారేమో అని చూస్తున్నాను, ఇంకా సగం సినిమా ఉంది.’ రెండో సగమంతా ఆయన దానికోసమే విన్నాడు. ఎవరూ ఎత్తలేదు.